గీత రాలేదు సారూ

నాకు చెవి ఉందని చాలాకాలం నమ్మాను. సంగీతం చెవి కాదు. ఆ మాటకొస్తే ఆదితాళానికీ రూపకతాళానికీ తేడా ఇప్పటికీ తెలియదు. ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే చాలు, లోపల ఏం జరుగుతోందో పట్టేసే చెవి. ఐసీయూలో తోటి డాక్టర్లు “ఎకోకి పంపే ముందు ఈయన్ని ఒకసారి విననివ్వండి” అనేవారు. అందులో సగం వేళాకోళమని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం మొత్తం మెప్పే అనుకుని జేబులో వేసుకున్నాను.

ఈ జబ్బు ఇంట్లోంచే వచ్చింది. మాది కోయంబత్తూరు పీలమేడు. విజయనగర కాలంలోనూ, ఆ తర్వాత మధుర నాయకుల కాలంలోనూ దక్షిణానికి దిగి, నల్లరేగడి కనబడ్డచోట పత్తి వేసుకుని నిలబడిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో గద్దెనెక్కాడు. మా అవ్వ చెప్పే కథల్లో మేమంతా ఆయన గుర్రం వెనకే నడిచొచ్చినట్టు ఉంటుంది. ఎవరి తాత ఎప్పుడు వచ్చాడో కాగితం మీద చూపించగలిగినవాడు మా వీధిలో ఒక్కడూ లేడు. అయినా ఆ గుర్రం మాత్రం అందరి కథల్లోనూ ఉంటుంది. కి. రాజనారాయణన్ తమిళంలో రాసిన ‘గోపల్ల గ్రామం’ నవల 1976లో వచ్చింది, తెలుగువాళ్ల వలస కథే. అది చదివినప్పుడు మా అవ్వ కథలను ఎవరో అచ్చు వేశారనిపించింది. గొప్పలు చెప్పుకోవడంలో ఆయన రాసిన కోవిల్‌పట్టి వైపు వాళ్లు మాకేం తీసిపోరని కూడా అర్థమైంది.

నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్తు వచ్చాక పీలమేడు పత్తిని వదలకుండానే ఇనుమును పట్టుకుంది. మిల్లులు, ఫౌండ్రీలు, పంపుసెట్లు. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి దేశంలోనే తయారైన మొదటి విద్యుత్ మోటారును ఇక్కడే బయటికి తెచ్చారు. అక్కణ్ణుంచి మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఒకడు మోటారు మనిషే. మా నైన ఒక పంపుల కార్ఖానాలో టెస్టింగు బెంచి మీద పనిచేశాడు. తిరుగుతున్న మోటారు ఒంటికి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. “వెనక బేరింగు పొయ్యింది, ఇప్పండి” అనేవాడు. విప్పితే నిజంగానే పోయి ఉండేది. పిల్లాడిగా ఆ బెంచి పక్కన నిలబడి చూసినవాణ్ణి, పెద్దయ్యాక చెవిని నమ్మకుండా దేన్ని నమ్ముతాను?

చదువు మధురలో. 1954లో మొదలైన మెడికల్ కాలేజీ, దానికి ఆనుకుని పాత పేరు ఎర్స్‌కిన్, కొత్త పేరు రాజాజీ అయిన పెద్దాసుపత్రి. తిరుమంగళం, కల్లుపట్టి వైపు నుంచి బస్సెక్కి వచ్చే మనవాళ్లు వార్డుల్లో నిండుగా ఉండేవారు. నేను తెలుగులో ఒక్క మాట అనగానే మంచం మీదినుంచి లేచి కూచునేవారు. ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఎవరి తాలూకు అని అడిగి, పావుగంటలో నన్ను మామనో బావనో చేసేసేవారు. నాకూ అది బాగుండేది. చదువైపోయి కోయంబత్తూరొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ‘మనోళ్లు’ ఎవరైనా చేరితే వాళ్ల మంచం దగ్గర ఇంకో నిమిషం ఎక్కువ నిలబడేవాణ్ణి. ఆ మనోళ్లెవరో నేనే తేల్చుకునేవాణ్ణని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక అసలు పని. రోగికి ఊపిరి అందనప్పుడు నోట్లోంచి గొట్టం దించి వెంటిలేటరుకు తగిలిస్తాం. గొంతు వెనక రెండు దారులున్నాయి. ముందున్నది శ్వాసనాళం, దాని వెనక అన్నవాహిక. గొట్టం ముందుదాంట్లోకి వెళ్తే మనిషి బతుకుతాడు. వెనకదాంట్లోకి వెళ్లినా బతుకుతాడు, మనం వెంటనే తెలుసుకుంటే. తెలుసుకోకపోతే ఆక్సిజన్ అంతా పొట్టలోకి పోతుంటుంది, మెదడు కొన్ని నిమిషాల్లో ఆరిపోతుంది. 1878లో గ్లాస్గోలో విలియం మాక్‌ఈవెన్ మత్తు ఇవ్వడానికని మొదటిసారి నోటి గుండా గొట్టం వేసినప్పుడు లోపలికి వేళ్లు పెట్టి తడిమి దించాడు. ఆయన దగ్గర అంతకన్నా సాధనం లేదు. మాకు లైటున్న లారింగోస్కోపు ఉంది, కెమెరా ఉన్నదీ ఉంది. అయినా వెనకదారిలోకి పోవడం ఎవరికైనా జరుగుతుంది. అది తప్పు కాదు. పోయిందని ఒప్పుకోకపోవడమే తప్పు. నా గొడవంతా దాని గురించే.

గొట్టం ఎక్కడుందో తెలుసుకోడానికి మాకు నేర్పిన గుర్తులు చాలా ఉన్నాయి. స్వరతంతువుల మధ్య నుంచి దూరడం కంటితో చూడాలి. ఛాతీ రెండువైపులా లేవాలి. గొట్టం లోపల ఆవిరి పట్టాలి. ముందు పొట్ట మీద విని, తర్వాత రెండు చంకల కిందా వినాలి. వేలికి తగిలించిన ఆక్సిమీటరు పడిపోకూడదు. ఇవన్నీ మంచి గుర్తులే, కానీ ప్రతి ఒక్కటీ అబద్ధం చెప్పగలదు. బక్కమనిషి పొట్టలోకి గాలి కొడితే ఆ చప్పుడు ఛాతీలోకి పాకుతుంది, వినేవాడికి ఊపిరి చప్పుడు లాగే ఉంటుంది. పొట్టలోంచి తిరిగొచ్చే గాలికీ తేమ ఉంటుంది, కాబట్టి అన్నవాహికలో ఉన్న గొట్టానికీ ఆవిరి పడుతుంది. ముందుగా ఆక్సిజన్ బాగా పట్టించి ఉంటే, గొట్టం తప్పుచోట ఉన్నా ఆక్సిమీటరు కొంతసేపు తొంభైల్లోనే నిలుస్తుంది. అది కొసన వేలి దగ్గర కూచుని ఎప్పటి సంగతో చెబుతుంటుంది. ఇక కంటితో చూశానన్న మాట. చూడాలనుకున్నది చూసేయడం కంటికి చిన్నప్పటినుంచీ అలవాటే.

అబద్ధం చెప్పడం బాగా కష్టమైన గుర్తు ఒకటుంది. ఒంట్లో ప్రతి కణమూ కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తుంది, రక్తం దాన్ని ఊపిరితిత్తులకు మోస్తుంది, బయటికొచ్చే ప్రతి ఊపిరిలోనూ అది ఉంటుంది. పొట్టలో ఆ కార్ఖానా లేదు. ఈ వాయువు పరారుణ కిరణాలను మింగుతుందని 1860 ప్రాంతంలోనే జాన్ టిండాల్ చూపించాడు. అదే సూత్రం మీద పనిచేసే క్యాప్నోగ్రాఫు గొట్టం చివర తగిలిస్తే, ప్రతి ఊపిరికీ తెర మీద గీత ఒక గట్టులా లేచి, కాసేపు చదునుగా నడిచి, పడుతుంది. తప్పుచోట ఉంటే గీత నేలమీదే పడి ఉంటుంది. ట్యూబుకు ముందు మాస్కు పెట్టి బ్యాగుతో గాలి కొట్టినప్పుడు పొట్టలోకి దూరిన గాలి వల్ల మొదట రెండు మూడు చిన్న గట్లు కనబడొచ్చు, కానీ అవి అరిగిపోతూ మాయమవుతాయి. అందుకే 2022లో పలు దేశాల నిపుణులు కలిసి రాసిన మార్గదర్శకాలు కనీసం ఏడు ఊపిర్లపాటు గీత తగ్గకుండా లేవాలంటాయి. అడుగు నుంచి కనీసం 7.5 మిల్లీమీటర్ల పాదరసం ఎత్తుకు లేవాలనీ అంటాయి. లేవకపోతే ఏం చెయ్యాలో కూడా చెబుతాయి. చెవి చెప్పిందనో కన్ను చూసిందనో ఆ గొట్టాన్ని అక్కడ ఉంచుకోవద్దు, తీసెయ్యడమే మొదటి ఆలోచన కావాలి. ఎక్స్‌రే కూడా ఈ ప్రశ్నకు జవాబు కాదు. అది వచ్చేసరికి ఆలస్యమవుతుంది, పైగా ముందూ వెనకా ఉన్న రెండు దారులు ముందునుంచి తీసిన బొమ్మలో ఒకదానిమీద ఒకటి పడతాయి.

ఎక్స్‌రే పనికొచ్చేది లోతు చూడటానికి. సరైన దారిలోనే ఉన్న గొట్టం ఎంత లోపలికి దిగిందన్నది వేరే ప్రశ్న. అందులోనూ నా చెవి ఒకసారి నన్ను ముంచబోయింది. శ్వాసనాళం కిందికి పోయి రెండుగా చీలుతుంది. కుడికొమ్మ వెడల్పు, నిటారు కూడా. కాస్త ఎక్కువ తోస్తే గొట్టం కుడికొమ్మలోకే జారుతుంది, ఎడమ ఊపిరితిత్తికి గాలి ఉండదు. ఒక ముసలావిడకు ట్యూబు వేసి విన్నాను. ఎడమవైపు చప్పుడు లేదు. పాత క్షయ వల్ల ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుపోయిందని అక్కడికక్కడే తేల్చి, కేసుషీటులో నా అందమైన చేతిరాతతో రాశాను కూడా. ఆడవాళ్లకు పళ్ల దగ్గర 21, మగవాళ్లకు 23 సెంటీమీటర్ల గుర్తు కనబడేలా ఉంచడం మామూలు అంచనా. ఆవిడ పళ్ల దగ్గర 25 ఉంది. చూడలేదు, వినడంలో మునిగి ఉన్నాను. ఎక్స్‌రేలో గొట్టం మొన చీలిక దాటి కుడికొమ్మలో హాయిగా కూచుంది. అది చీలికకు మూడు నాలుగు సెంటీమీటర్లు పైన ఉండాలి. పైకి లాగితే క్షయ నయమైంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తల కిందికి వంచితే గొట్టం లోపలికి జరుగుతుందనీ, పైకెత్తితే బయటికి వస్తుందనీ ఆ రోజు జూనియర్లకు క్లాసు కూడా పీకాను. తప్పు చేసినవాడు వెంటనే పాఠం చెప్పడం మొదలుపెడితే, తనేం నేర్చుకోలేదని అర్థం.

ఇక నేను చెప్పాల్సిన రాత్రి. ఆ రాత్రి వచ్చిన పెద్దాయన కల్లుపట్టి పక్క పల్లెలో పత్తి రైతు. కోయంబత్తూరులో కూతురింటికి వచ్చి ఉన్నాడు. ఏళ్ల తరబడి బీడీలు తాగి ఉబ్బిపోయిన ఊపిరితిత్తులు, దాని మీద కొత్తగా నిమోనియా. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మగతలోకి జారుతున్నాడు. మాస్కు వెంటిలేటరుతో ఈదుతూ వచ్చాం, ఇక కుదరలేదు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. “నాయనా, నువ్వు మనోడివి. నువ్వుండంగా మాకేం బయం?” అంది. నిజం చెప్పాలంటే, ఆ మాట విన్న క్షణం నుంచి నేను వైద్యుణ్ణి కాదు, మనోణ్ణి. పక్క థియేటరులో ఉన్న మత్తు డాక్టరమ్మను పిలుస్తామని జూనియరు అన్నాడు. కెమెరా ఉన్న లారింగోస్కోపు ఆవిడ దగ్గరే ఉంది. ఎందుకు, నేనున్నానుగా అన్నాను.

గొంతులో కఫం, వాపు. స్వరతంతువుల వెనక అంచు కాస్త కనిపించింది. కనిపించిందనే అనుకున్నాను. గొట్టం దించాను, దాని చివరున్న బుడగ ఊదాను, బ్యాగు కొట్టాను. ఛాతీ లేచినట్టుంది. ఆవిరి పట్టింది. చెవులకు స్టెతస్కోపు తగిలించాను. ముందు వినాల్సింది పొట్ట, నేను ముందు ఛాతీ విన్నాను. కుడి చంక కింద చప్పుడు. ఎడమ చంక కింద చప్పుడు. తర్వాత పొట్ట మీద గుడగుడ. మాస్కుతో కొట్టిన గాలి, అంతే అనుకున్నాను. ఆక్సిమీటరు 97.

“లైన్ వరలే సార్” అంది నర్సు, తమిళంలో. తెర మీద క్యాప్నోగ్రాఫు గీత అడ్డంగా పడి ఉంది.

ఊపిరి శాంపిలును మానిటరుకు తీసుకెళ్లే సన్నపైపులో నీళ్లు చేరి ఉంటాయి, దులపమన్నాను. దులిపింది. గీత రాలేదు. వారం క్రితం ఆ మానిటరు ఇలాగే మొండికేసిందని గుర్తుచేసుకున్నాను, ఎవరూ అడగకపోయినా గట్టిగా చెప్పాను కూడా. ఆమె పైపు మార్చింది. గీత రాలేదు. ఆక్సిమీటరు 91. రక్తపోటు పడుతోంది. “గుండె ఆగబోతోంది, రక్తం ఆడకపోతే గీత ఎక్కడినుంచి వస్తుంది?” అన్నాను. ఎంత చక్కటి తర్కం! నాడి అప్పటికింకా చేతికి తగులుతూనే ఉంది. గుండె ఆగిపోయినవాడికి కూడా ఛాతీ నొక్కుతుంటే గీత ఎంతో కొంత లేస్తుందని నాకు తెలుసు, పరీక్షల్లో అడిగేవాణ్ణి. అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. ఈ మనిషికి ట్యూబు వేసిందే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైపోయిందని. ఒంటి నిండా ఆ వాయువు కూరుకుని ఉన్నవాడి ఊపిరిలో అది ఒక్క పిసరు కూడా కనబడట్లేదంటే, నాకే పిచ్చెక్కి ఉండాలి లేదా అది ఊపిరి కాకుండా ఉండాలి. మూడోది లేదు. ఆ మూడోదాని కోసమే నేను మళ్లీ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాను. మళ్లీ వినబడింది. వినబడుతోందనీ, నిశ్శబ్దంగా ఉండమనీ గదిలో అందరినీ కసురుకున్నాను.

అప్పుడా నర్సు చేసిన పనిని నేను ఏ కాన్ఫరెన్సులోనూ చూడలేదు. అడాప్టరుకు తగిలించిన సన్నపైపును ఊడబీకి, తన మాస్కు కిందికి లాగి, దాని మూతిలోకి మెల్లగా ఊపిరి వదిలింది. తెర మీద గట్టు లేచింది. చదునుగా నడిచి పడింది. ఇంకోసారి వదిలింది. ఇంకో గట్టు. పైపు తిరిగి పెద్దాయన గొట్టానికి తగిలించింది. అడ్డగీత.

“గీత రాలేదు సారూ. తీసెయ్యండి” అంది. తెలుగులో.

మానిటరు బాగానే ఉందని తెలిసిపోయింది. ఆ క్షణంలో గొట్టం కంటే ఆమె తెలుగే నన్ను ఎక్కువ ఉలిక్కిపడేలా చేసిందని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. ఆక్సిమీటరు 70ల్లోకి పడింది. గొట్టం తీసేశాను. మాస్కు పెట్టి ఇద్దరం కలిసి బ్యాగు కొట్టాం. జూనియరు నన్నడక్కుండానే ఫోను చేసి ఉన్నాడు, మత్తు డాక్టరమ్మ కెమెరాతో వచ్చి ట్యూబు వేసింది. గీత లేచింది, 70కి పైన అంకె చూపించింది. అంత ఉండాలి ఆ మనిషికి. ఏడు ఊపిర్లు లెక్కపెట్టింది ఆవిడ, పైకే. నా వైపు చూడలేదు, ఏమీ అనలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాత రోజుల్లో నేను పుస్తకాల మీద పడ్డాను. పశ్చాత్తాపమని చెప్పుకోవచ్చు. అసలు కారణం నాలాంటి మూర్ఖులు ఇంకెంతమంది ఉన్నారో వెతుక్కోవడం. చాలామందే ఉన్నారు. 2008 సెప్టెంబరు నుంచి ఏడాదిపాటు బ్రిటన్‌లో శ్వాసమార్గం దగ్గర జరిగిన పెద్ద ప్రమాదాలన్నీ పోగుచేసి 2011లో నివేదిక వేశారు. మొత్తం 184 కేసులు. ఐసీయూవి 36. ఆ 36లో నూటికి 61 వంతులు చావుతోనో, మెదడు దెబ్బతినడంతోనో ముగిశాయి. క్యాప్నోగ్రాఫు వాడకపోవడమో, ఉన్నదాన్ని సరిగ్గా చదవకపోవడమో ఐసీయూ మరణాల్లో నూటికి 70కి పైగా కారణమై ఉంటుందని తేల్చారు. గీత లేకపోతే చోటు తప్పు అని అక్కడి మత్తువైద్యులు ప్రచారం మొదలుపెట్టింది ఆ తర్వాతే. ఆ ప్రచారం జరిగాక కూడా, 2020లో అక్కడే ఒక ఆసుపత్రిలో అపెండిక్స్ ఆపరేషనుకు వచ్చిన మహిళ ఇదే కారణంతో పోయింది. యంత్రం ఉంది, గీత అడ్డంగా ఉంది, గదినిండా డాక్టర్లున్నారు. అందరూ మందు పడక వచ్చిన తిప్పలేమో అనుకుంటూ దానికి వైద్యం చేశారు. ఆ విచారణ వివరాలు చదువుతుంటే నా గది నాకు కనబడింది.

మన దగ్గర నియమాలు లేవా అంటే ఉన్నాయి. ఐసీయూలో ట్యూబు వేయడం గురించి అఖిల భారత డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషను 2016లోనే మార్గదర్శకాలు ప్రకటించింది. ముంబయి టాటా మెమోరియల్‌కు చెందిన షీలా నైనన్ మయత్ర వాటికి మొదటి రచయిత్రి. క్యాప్నోగ్రాఫు అందులో స్పష్టంగా ఉంది. ఆ కాపీ నా టేబులు సొరుగులో ఉంది, అండర్‌లైను కూడా చేసుకున్నాను. 2021లో 29 దేశాల్లో 2,964 మంది రోగుల మీద వచ్చిన పరిశీలన చూశాను. అత్యవసరంగా ట్యూబు వేసినప్పుడు నూటికి 45 మందికి పైగా ఏదో ఒక పెద్ద ప్రమాదం ఎదురైందట. గీత చూసి నిర్ధారించుకున్నది దాదాపు నాలుగోవంతు మందిలోనే. వాళ్లలో కొందరికి యంత్రం లేకపోయి ఉండొచ్చు. నాకు యంత్రం ఉంది, గీత రాలేదని రెండుసార్లు చెప్పిన మనిషీ ఉంది.

మా నైన సంగతి కూడా అప్పుడే మళ్లీ గుర్తొచ్చింది. స్క్రూడ్రైవరు చెవి దగ్గర పెట్టుకునే మనిషి రెండో చేతిని ఎక్కడ పెట్టేవాడు? అమ్మీటరు మీద. ముల్లు కదలకపోతే చెవి చెప్పింది పక్కన పెట్టేసేవాడు. “బేరింగు పొయ్యింది” అన్న తర్వాత “ఇప్పండి” అనేది తన మాట చూపించుకోడానికి కాదు, సరిచూసుకోడానికి. ఆ సగం నేను చూడలేదు. చూసినా పట్టించుకోలేదు. కళ్లు మూసుకోవడమొక్కటే చూసి మురిసిపోయాను.

నర్సును పిలిచి థాంక్స్ చెప్పాను. తెలుగు వచ్చని ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె తమిళంలోనే జవాబిచ్చింది: మీరు తెలుగులో మాట్లాడేది నాయుళ్లతో కదా సార్. వాళ్ల నాన్న కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య కార్మికుడు. అరుంధతీయులు. వాళ్లింట్లో తరతరాలుగా తెలుగే. మా అవ్వ కథల్లోని గుర్రం వెనక వాళ్లూ నడిచే ఉంటారు. కోయంబత్తూరు నిండా, మధుర నిండా వాళ్ల కాలనీలున్నాయి. చిన్నప్పుడు మా వీధి కాలవలు తీసేవాళ్లు తమలో తాము మాట్లాడుకున్నది ఏ భాషో నా గొప్ప చెవికి ఎన్నడూ వినబడలేదు. ఆ రాత్రి తమిళంలో చెప్పింది నేను వినట్లేదని తెలిసి, నేను దేనికి తల తిప్పుతానో ఆమె చూసి ఉంది కాబట్టి, తెలుగులో చెప్పింది. పైపులోకి ఊపిరి ఊదడం ఎవరు నేర్పారని అడిగితే నవ్వి, “ఇంతకుముందు పనిచేసిన చోట బయోమెడికల్ అన్న” అంది.

పెద్దాయన బతికాడు. వెంటిలేటరు నుంచి బయటపడి, గొట్టం తీయించుకుని, వార్డుకు వెళ్లి, కర్ర పట్టుకుని ఇంటికి నడిచాడు. ఆ రాత్రి గడిచి తెల్లవారుజామున ఆయన కొడుకు వచ్చి ఎట్లుండాదని అడిగితే ఏం చెప్పానో దాచకుండా రాస్తాను. “ట్యూబు ఒకసారి మార్చాల్సి వచ్చింది, కఫం ఎక్కువ” అన్నాను. రెండు మాటలూ నిజమే. మధ్యలో ఉండాల్సిన మాట లేదు. కొడుకు రెండు చేతులూ జోడించాడు. కేసుషీటులో జరిగింది జరిగినట్టే రాశాను, మా విభాగం సమావేశంలో నిలబడి చెప్పాను. అక్కడ చెప్పడం కష్టం కాలేదు. అక్కడ అందరూ డాక్టర్లే, ఎవరి రాత్రులు వాళ్లకుంటాయి.

వాళ్లు ఇప్పటికీ వస్తారు. బంధువుల్లో ఎవరికి దగ్గొచ్చినా కల్లుపట్టి నుంచి బస్సెక్కించి నా దగ్గరికే పంపుతారు. “మనోడి చెయ్యి మంచిది” అని ఆ ముసలమ్మ ఊరంతా చెబుతోందట. పోయినసారి కొడుకు ఒక మాట అన్నాడు: అప్పట్నుంచీ అయ్యకు మరుపు ఎక్కువైంది, పొలం గట్టు మీద నిలబడి ఎందుకొచ్చాడో మర్చిపోతాడు. వయసు కదా అన్నాను. అవును, వయసే అని ఒప్పుకున్నాడు. వయసే కావచ్చు. ఆక్సిజన్ 70ల్లోకి పడ్డ ఆ కాసేపే కావచ్చు. ఏ ఎక్స్‌రేలోనూ తేలని ప్రశ్న ఇది. కానీ దాన్ని అడిగే హక్కు ఆయనకుంది, నేను ఆ హక్కు ఇవ్వలేదు.

ఈ రాత అంతా తెలుగు లిపిలో ఉంది. నాకు లిపి పెళ్లయ్యాక వచ్చింది, మా ఆవిడది తిరుపతి, ఆమె నేర్పింది. కల్లుపట్టి పెద్దాయనకు రాదు, కొడుక్కు రాదు, ఆ నర్సుకు రాదు. మాలో చాలామందికి తెలుగు నోట్లోనే ఉంది, చదువంతా తమిళం. రాసింది మా ఆవిడకు చూపించాను. చివరిదాకా చదివి, కళ్లద్దాలు తీసి, “బాగానే ఉంది. ఎవరికి చెప్పాల్నో వాళ్లు చదవలేని దాంట్లో రాసినారే” అంది. కాఫీ కలపడానికి లేస్తూ, తమిళంలో రాసి కల్లుపట్టికి మీరే తీసుకుపోండి అంది. ఆదివారం వెళ్తానన్నాను. ఆ తర్వాత రెండు ఆదివారాలు డ్యూటీ వేయించుకున్నాను.